నూటికి ఏడు పాళ్లు

చిలకలగూడకు ఒక పక్క సికింద్రాబాద్ స్టేషన్, ఇంకో పక్క కాస్త నడిస్తే లాలాగూడ వర్క్‌షాపు. స్టేషన్‌కు రైలు వచ్చింది 1874లో, వర్క్‌షాపు పెట్టింది 1893లో. ఈ రెండింటి నడుమ పెరిగిన బస్తీ కాబట్టి రైల్వే క్వార్టర్లు, రైల్వే జీతాలు, రైల్వే పింఛన్లు ఇక్కడ తరాలుగా ఇంటింటి సంగతి. ఒలిఫెంటా వంతెన కింద బండి మీద పోతుంటే నెత్తి మీద రైలు పోవడం ఈ వాడలో ఎవరికీ వింత కాదు. ఇప్పుడు అలా పోయేవన్నీ దాదాపు కరెంటు బండ్లే. మసి లేదు, కంట్లో పడే బొగ్గు నలుసు లేదు. పాతకాలపు నల్ల ఇంజన్లు రైల్వే ఆఫీసుల ముందు, స్టేషన్ల ఆవరణల్లో గట్టు మీద నిలబడి ఉన్నాయి. రంగు వేసి, చుట్టూ పూలకుండీలు పెట్టి, ఫోటోలు దిగడానికి వీలుగా ఉంచారు.

నిప్పు లేని ఇంజను దగ్గర నేర్చుకోగలిగేది తక్కువ. దాని బరువు తెలుస్తుంది, చక్రాల సైజు తెలుస్తుంది, అంతే. ఆవిరి ఇంజను అర్థం కావాలంటే అది మండుతూ, కారుతూ, చెమటలు కక్కుతూ ఉండగా చూడాలి. దక్షిణ మధ్య రైల్వేలో అలా రోజూ నడిచే బండి లేదు. మనవాళ్లకు దారి తెలిసిన చోటు నీలగిరి. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు కోయంబత్తూరులో దిగవచ్చు. అక్కడికి దగ్గరే మెట్టుపాళయం. కొండ రైలు పొద్దున ఏడు దాటాక బయలుదేరుతుంది. అయితే ఆ రోజు ఏం చూడాలో ముందే తెలిసి ఉంటేనే టికెట్టు డబ్బులు గిట్టుబాటు. అందుకని కొండ ఎక్కేముందు మన ఊరి బొగ్గు దగ్గర కాసేపు ఆగుదాం.

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు లైను వేసింది నిజాం డబ్బుతో. బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గానికి హైదరాబాద్ రాజ్యాన్ని కలపాలన్నది బ్రిటిష్ వాళ్ల కోరిక. ఖర్చు మాత్రం నిజాంది. 1883లో ఈ రైల్వేను లండన్‌లో పెట్టిన కంపెనీకి అప్పగించారు. దాని పేరే నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. లాభం వచ్చినా రాకపోయినా కంపెనీ పెట్టుబడికి ఏటా నూటికి ఐదు వడ్డీ ఇస్తామని నిజాం సర్కారు రాసిచ్చిన హామీయే ఆ గ్యారంటీ. రైలును చాందా వైపు పొడిగించే ఈ పథకం గురించి ప్రజలకు వివరాలు చెప్పాలని హైదరాబాద్‌లో కొందరు అడిగారు. అడిగినవాళ్లలో ఒకరైన అఘోరనాథ్ ఛటోపాధ్యాయను అదే ఏడు నగరం నుంచి వెళ్లగొట్టారు. సరోజినీ నాయుడు తండ్రి ఆయన. రైల్వే బడ్జెట్ గురించి ప్రశ్న వేసినందుకు ఊరు విడవాల్సి రావడం మన చరిత్రలో అదే మొదటిది కావచ్చు.

లైను 1886లో వరంగల్ చేరింది, 1889లో బెజవాడ చేరింది. మధ్యలో డోర్నకల్ దగ్గర ఒక పాయ ఇల్లందు వైపు చీలింది. ఆ పాయే మనకు ముఖ్యం. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఆ ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. అక్కడి సింగరేణి అనే ఊరి పేరే తర్వాత బొగ్గు కంపెనీకి వచ్చింది. బొగ్గు తరలించడానికి రైలు కావాలి, రైలు నడవడానికి బొగ్గు కావాలి. రెండూ ఒకదానికొకటి తోడై ఎదిగాయి. గనులు లేని రాజ్యంలో రైలంటే ప్రతి నెలా బొగ్గు బిల్లు బయటివాళ్లకు కట్టుకోవడమే.

సింగరేణి బొగ్గుది గోండ్వానా వంశం. పాతిక కోట్ల సంవత్సరాలు దాటిన మాట. అప్పటికి దక్షిణాది ఖండాలన్నీ ఒక్క ముద్ద. ఇప్పటి గోదావరి లోయ ఉన్నచోట నేల కుంగుతూ ఉండేది. ఆ పల్లంలో గ్లోసోప్టెరిస్ అనే, నాలుకలాంటి ఆకుల చెట్ల అడవులు పెరిగి, కూలి, బురదలో కూరుకుపోయాయి. వరదల్లో కొట్టుకొచ్చిన ఆకు, కొమ్మ, దుంగలతో పాటు బంకమట్టి, సన్నని ఇసుక కూడా వచ్చి చేరాయి. ఆ మట్టే ఈనాటి బూడిద. మన బొగ్గులో బూడిద పాలు చాలా చోట్ల మూడో వంతు దాకా ఉంటుంది. వెల్ష్ బొగ్గుకు అలవాటుపడిన ఇంగ్లీషు ఇంజనుకు ఇది పడదు. నిప్పుగది ఇరుకు కావడంతో బూడిద పేరుకుని, కరిగి, గడ్డలు కట్టి, గాలి ఆడనివ్వదు. ఆ గడ్డలను షెడ్డు మనుషులు క్లింకర్ అంటారు. పొడవాటి ఇనప చువ్వతో దాన్ని పగలగొట్టి లాగేయడం ఫైర్‌మన్‌కు ఇష్టం లేని పనుల్లో మొదటిది. అందుకే 1920ల తర్వాత మన దేశానికి గీసిన చాలా ఇంజన్లలో నిప్పుగదిని చక్రాల వెడల్పు దాటించి విశాలం చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక బ్రాడ్‌గేజి మీద రాజ్యమేలిన డబ్ల్యూపీ, డబ్ల్యూజీ ఇంజన్లకు నిప్పు పరిచే జాలీ నాలుగు చదరపు మీటర్ల పైమాటే. పారతో అంత మేరకు సమంగా బొగ్గు జల్లాలి, అదీ ఊగే బండిలో నిలబడి.

ఆ జల్లడంలోనూ శాస్త్రం ఉంది. ఒకేసారి పది పారలు గుమ్మరిస్తే నల్లపొగ వస్తుంది. సినిమాల్లో అది అందంగా ఉంటుందేమో గాని షెడ్డులో దానికి తిట్లు పడతాయి. నల్లపొగ అంటే కాలకుండా పోతున్న బొగ్గు. కొత్త బొగ్గు వేడెక్కగానే ముందు అందులోని వాయువులు బయటికి వస్తాయి. అవి మండటానికి పైనుంచి కూడా గాలి కావాలి. గాలి చాలకపోతే కార్బన్ మసి రూపంలోనే గొట్టమెక్కుతుంది. కొంచెం కొంచెం, మాటిమాటికీ, మూలలకు మందంగా, మధ్యలో పలచగా వేయాలి. తెలిసిన ఫైర్‌మన్ బండి పొగ లేత బూడిద రంగులో, కనపడీ కనపడనట్టు ఉంటుంది.

ఇక నీరు. ఒక కిలో నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి దాదాపు 290 కిలోజౌళ్ల వేడి చాలు. మరుగుతున్న ఆ నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి ఇంకో 2,257 కిలోజౌళ్లు పొయ్యాలి. ఇంత వేడి పోసినా థర్మామీటరు ఒక్క గీత కూడా కదలదు. 1760లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ ఈ విచిత్రాన్ని కొలిచి చూపించాడు. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని గుప్తోష్ణం అంటున్నాం. ఈ 2,257 అంకెను గుర్తుపెట్టుకోండి. ఆవిరి ఇంజను జాతకం మొత్తం అందులోనే ఉంది.

బాయిలర్‌లో ఆవిరికి వ్యాకోచించే చోటు లేదు కాబట్టి పీడనం పెరుగుతుంది, దానితోపాటు మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. డబ్ల్యూపీ ఇంజను పనిచేసే పీడనం చదరపు సెంటీమీటరుకు 14 కిలోల పైన. అక్కడ నీరు మరిగేది దాదాపు 198 డిగ్రీల వద్ద. ఆ స్థితిలో ఆవిరి, తాను పుట్టిన నీటికన్నా 130 రెట్లు మాత్రమే చోటు ఆక్రమిస్తుంది. అదే బయటి గాలిలోకి వస్తే 1,600 రెట్ల పైచిలుకు. ఈ రెండు అంకెల నడుమ ఉన్న తేడాయే పిస్టన్‌ను తోసేది.

అదే తేడా ప్రాణాలూ తీసేది. బాయిలర్ పగిలితే ప్రమాదం లోపలున్న ఆవిరితో ఆగదు. 198 డిగ్రీల దగ్గర ద్రవంగా కూర్చున్న నీటిపై పీడనం ఒక్కసారి పోతే, అందులో దాదాపు ఐదో వంతు ఆ క్షణంలోనే ఆవిరవుతుంది. ప్రతి లీటరూ 300 లీటర్ల చోటు అడుగుతుంది. బాయిలర్‌లో ఉండేవి వేల లీటర్లు. అందుకే నిప్పుగది కప్పు మీద ఎప్పుడూ నీరు ఉండాలన్నది లోకోలో మొదటి నియమం. నిప్పు వెయ్యి డిగ్రీలు దాటినా, అవతల నీరు ఉన్నంత వరకు ఆ రేకు రెండు వందల డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. నీరు దిగితే రేకు ఎర్రబడి మెత్తబడుతుంది. ఆ ముప్పుకు కాపలాగా కప్పులో సీసం బిరడా బిగిస్తారు. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. కరిగిందా, ఆవిరీ నీరూ నిప్పు మీదికి చిమ్మి మనుషులను హెచ్చరిస్తాయి. లెడ్ ప్లగ్గు కరిగించుకున్న డ్రైవర్‌కు ఆ తర్వాత ఎదురయ్యేది విచారణే.

మండుతున్న బాయిలర్‌లోకి కొత్త నీరు ఎక్కించేదెలా? లోపల 14 కిలోల పీడనం బయటికి తన్నుతోంది. దాన్ని ఎదిరించి నీరు లోపలికి పోవాలి. ఇందుకు 1858లో ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ జిఫార్ ఇంజెక్టర్‌ను కనిపెట్టాడు. కదిలే భాగం ఒక్కటీ లేని పంపు అది. బాయిలర్‌లోని ఆవిరినే కాస్త తీసి సన్నని ముక్కులోంచి వదులుతారు. అది మహావేగంతో దూసుకొస్తూ చల్లని నీటిని తాకి, చప్పున నీరుగా మారి, తన వేగాన్ని నీటికి అప్పగిస్తుంది. ఆ నీటిధార క్రమంగా వెడల్పయ్యే గొట్టంలోకి పోయేసరికి వేగం తగ్గి, పీడనం పెరిగి, బాయిలర్ కవాటాన్ని తోసుకుని లోపలికి జొరబడుతుంది. బాయిలర్ ఆవిరితోనే బాయిలర్‌ను ఓడించడం ఇది. కిటుకు ఏమీ లేదు, ఆవిరి తనతో తెచ్చిన గుప్తోష్ణమే ఈ పనికి కూలి చెల్లిస్తుంది. ఆగి ఉన్న ఇంజను దగ్గర నిలబడితే సన్నని ఈలతో మొదలై గొరగొరమనే చప్పుడు వినిపిస్తుంది. అది ఇంజెక్టర్ పట్టుకున్న శబ్దం. పట్టు దొరక్కపోతే నీరు కిందికి కారిపోతుంది. ఫైర్‌మన్ రెండు పిడులూ తిప్పుతూ మళ్లీ ప్రయత్నిస్తాడు.

చుక్‌చుక్ సంగతి కూడా చెప్పుకోవాలి, అది అలంకారం కాదు కాబట్టి. సిలిండర్‌లో పని ముగించిన ఆవిరిని పొగగొట్టం కింద ఉన్న ముక్కులోంచి పైకి ఊదుతారు. ఆ ఊపుకు పొగగదిలో గాలి పలచబడి, ఆ లోటు నిప్పుగదిలోని వేడి వాయువులను గొట్టాల గుండా లాక్కుంటుంది. బండి బరువు పెరిగితే ఆవిరి ఎక్కువ వాడాలి. ఆవిరి ఎక్కువ వాడితే ఊదుడు పెరుగుతుంది. ఊదుడు పెరిగితే నిప్పు రాజుకుని ఆవిరి ఎక్కువ పుడుతుంది. అవసరాన్ని బట్టి పొయ్యి తనకు తానే ఎక్కడం, దిగడం. 1829లో స్టీఫెన్‌సన్ల రాకెట్ ఇంజను పందెం గెలవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. కంప్యూటర్ లేని కాలంలో ఇంతకన్నా అందమైన స్వయం నియంత్రణ నాకు తెలియదు. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు చుక్‌లు పడతాయి. డబ్ల్యూపీ పెద్ద చక్రం చుట్టుకొలత 5 మీటర్ల 36 సెంటీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పన్నెండు చుక్‌లు, చెవికి అందేది ఒకే ఒక్క గర్జన. విడివిడిగా లెక్కపెట్టగలిగేది బండి స్టేషన్ వదిలేటప్పుడూ, కొండ ఎక్కేటప్పుడూ.

ఇప్పుడు 2,257ను వెనక్కి పిలుద్దాం. గొట్టంలోంచి పైకి ఊదేసిన ఆ ఆవిరి ఇంకా ఆవిరే. నీరుగా మారలేదు. అంటే దాన్ని ఆవిరి చేయడానికి పోసిన గుప్తోష్ణం మొత్తం దానితోనే ఆకాశంలోకి పోయింది. బొగ్గు వేడిలో సుమారు మూడో వంతు పొగతోనూ, కాలని రవ్వలతోనూ, బూడిదతోనూ ముందే పోతుంది. ఆవిరికి చేరిన మిగతా వేడిలో పనిగా మారేది పదో వంతు. గుణిస్తే నూటికి ఆరు నుంచి ఎనిమిది. ఏడు అనుకుందాం.

ఇది ఇంజనీర్ల చేతగానితనం కాదు. 1824లో సాదీ కార్నో అనే ఫ్రెంచి యువకుడు, ఏ ఉష్ణయంత్రానికైనా దాటరాని గీత ఒకటి ఉందని తేల్చాడు. ఆ గీత రెండే రెండు ఉష్ణోగ్రతల మీద ఆధారపడుతుంది. వేడి తీసుకునేది 198 డిగ్రీల వద్ద, వదిలేది 100 వద్ద. పరమ మానంలో 471, 373. దేవుడే ఇంజను చేసినా ఈ రెంటి నడుమ వేడిలో నూటికి 21కి మించి పని రాదు. ఆవిరిని గొట్టాల్లో మళ్లీ కాచి మూడు వందల డిగ్రీలు దాటించే సూపర్‌హీటర్‌తో కొంత మేలు జరిగింది. పిస్టన్ ప్రయాణంలో నాలుగో వంతుకే ఆవిరి సరఫరా ఆపేసి, మిగతా దూరం దాని వ్యాకోచంతోనే నెట్టించే కట్-ఆఫ్ పద్ధతి ఇంకొంత ఆదుకుంది. దిగువ కొస మాత్రం వంద డిగ్రీల దగ్గరే ఉండిపోయింది. ఆవిరిని చల్లార్చి నీరు చేసే కండెన్సర్‌ను జేమ్స్ వాట్ 1769లోనే పేటెంట్ చేశాడు. కానీ అది బావి పక్కన కూర్చున్న యంత్రానికి బాగుంటుంది గాని, నీళ్లు మోసుకుంటూ పరుగెత్తేదానికి బరువు. పైగా కండెన్సర్ పెడితే ఊదుడు ఉండదు, నిప్పు రాజుకోదు.

కండెన్సర్‌కు చోటు దొరికింది రామగుండంలో. అక్కడి థర్మల్ కేంద్రంలో ఆవిరి పీడనం లోకో కన్నా పది రెట్లు ఎక్కువ, వదిలే ఉష్ణోగ్రత వందకు ఎంతో తక్కువ. బొగ్గు వేడిలో మూడో వంతు పైగా కరెంటవుతుంది. తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో, మోటార్లలో పోయేది పోను, చక్రం దగ్గరికి నూటికి పాతికైనా చేరుతుంది. అదే సింగరేణి బొగ్గు ఇంజను నిప్పుగదిలో కాలితే ఏడు, రామగుండంలో కాలితే పాతిక. ఆవిరి ఇంజన్ల తలరాత రాసింది ఈ ఒక్క తీసివేతే. చిత్తరంజన్ కర్మాగారం 1970లో ఆఖరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజనును తయారుచేసింది. దాని పేరు అంతిమ్ సితారా. 1995 చివరికి బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండ్లు దేశమంతటా ఆగిపోయాయి. ఆవిరి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒలిఫెంటా వంతెన మీద సాగే కరెంటు బండిని నడిపేది ఇవాళ్టికీ ఎక్కువగా ఎక్కడో టర్బైన్ తిప్పుతున్న ఆవిరే.

మెట్టుపాళయం వెళ్లేవాళ్లు మనసులో పెట్టుకోవాల్సింది ఇదీ: మనం డబ్బిచ్చి చూడబోయేది ఆ ఏడును కాదు, మిగిలిన తొంభై మూడును. పొగ, ఆవిరి మబ్బు, ముఖానికి తగిలే సెగ, చెవులు చిల్లులు పడే ఈల, పట్టాల మీద కారే వేడినీళ్లు, అన్నీ నష్టాల ఖాతావే. ఏడు పాళ్లు మాత్రం నిశ్శబ్దంగా కొక్కెం దగ్గర పనిచేస్తుంటాయి.

మెట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉంది. బండి అక్కడినుంచి ఎనిమిది కిలోమీటర్లు మామూలు రైలులాగే వెళ్లి 405 మీటర్ల ఎత్తున కల్లార్ చేరుతుంది. అక్కడినుంచి కూనూరు 1,712 మీటర్లు. మధ్య దూరం సుమారు ఇరవై కిలోమీటర్లు. ఎక్కువ భాగం 12 అడుగుల ముందుకు ఒక అడుగు పైకి. ఇక్కడ ఉక్కు మీద ఉక్కు నిలవదు. లెక్క చూడండి. బండి మొత్తం బరువు 100 టన్నులనుకుంటే, నూటికి ఎనిమిది వాలులో గురుత్వమే 8 టన్నుల బలంతో వెనక్కి లాగుతుంది. ఇంజను బరువు 50 టన్నులు. పట్టా పొడిగా ఉంటే ఆ బరువులో నాలుగో వంతు దాకా పట్టు దొరుకుతుంది, తడిస్తే పదో వంతుకు పడిపోవచ్చు. అంటే 5 టన్నులు. నీలగిరిలో పట్టా తడవని రోజులు ఎన్ని? చదునైన మన ప్రాంతంలో చక్రం ముందు ఇసుక పోసి నెట్టుకొచ్చేవాళ్లు. ఇక్కడ ఇసుక చాలదు.

అందుకని రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇనప కమ్మీలు రెండు పక్కపక్కనే వేశారు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదాని సందు ఉంటుంది. కాబట్టి ఇంజను కింది పళ్లచక్రం ఏ క్షణానా పట్టు వదలదు. స్విస్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ పద్ధతి ఇది. కూనూరు దాకా లైను 1899లో తెరిచారు, ఊటీకి 1908లో చేర్చారు. ఎక్స్ తరగతి ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్ నుంచి వచ్చాయి. స్టేషన్‌లో ఇంజను పక్కన నిలబడి చూస్తే ఒకదాని మీద ఒకటిగా రెండు సిలిండర్లు కనిపిస్తాయి. కిందిది మామూలు చక్రాలకు, పైది పళ్లచక్రాలకు. కల్లార్ దాకా కింది జత ఒక్కటే పనిచేస్తుంది. కొండ మొదలయ్యాక, కింది సిలిండర్‌లో ఒకసారి పనిచేసి సగం నీరసించిన ఆవిరిని పైదానికి పంపి రెండోసారి పని చేయిస్తారు. ఊదేసే ముందు ఇంకొంత పిండుకోవడమన్న మాట. కల్లార్ దాటగానే వేగం నడక కన్నా కొంచెం నయం అన్నట్టు తగ్గి, కింద పళ్లు కలిసిన గరగర పాదాలకు తెలుస్తుంది. పళ్ల దారిలో గంటకు 13 కిలోమీటర్లే.

ఇంజను వెనకనుంచి నెడుతుంది. తెగితే పెట్టెలు లోయలోకి జారిపోకుండా ఇది జాగ్రత్త. డ్రైవర్‌కు ముందు దారి కనపడదు కాబట్టి పెట్టెల ముందున్న అరుగుల మీద బ్రేక్‌మన్లు నిలబడి జెండాలతో సైగలు అందిస్తారు. చేతి బ్రేకులు వాళ్ల చేతుల్లోనే. కొండ దిగేటప్పుడు అసలు శ్రమ వీళ్లది. చాలామంది ప్రయాణికులు కిటికీలోంచి లోయను చూస్తారు, తప్పులేదు. నేనైతే ఒక అరగంట ఆ బ్రేక్‌మన్ చేతిని చూడమంటాను. మలుపు రాకముందే చేయి చక్రం మీద బిగుసుకుంటుంది. మలుపులు 208. ఏది ఎప్పుడు వస్తుందో ఆ చేతికి తెలుసు.

కల్లార్ నుంచి కూనూరుకు 100 టన్నులను 1,307 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి 128 కోట్ల జౌళ్లు, కరెంటు బిల్లు భాషలో 356 యూనిట్లు. ఫర్నెస్ ఆయిల్ 32 కిలోల్లో అంత వేడి ఉంది. నూటికి ఏడు లెక్కన చూస్తే సుమారు 450 కిలోలు కాల్చాలి. ఈ మార్గంలో ఇప్పుడు ఎక్కువగా మండేది నూనే. తిరుచిరాపల్లి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు 2011 నుంచి కొత్తగా కట్టి ఇచ్చినవాటిలో మొదటి ఇంజన్లు నూనెతో నడిచేవి. బొగ్గుపార చూడాలని వెళ్లినవాళ్లకు ఇక్కడ కొంత నిరాశే. కూనూరులో ఆవిరి ఇంజనును విప్పి డీజిల్ తగిలిస్తారు. అక్కడినుంచి ఊటీ దాకా పళ్లపట్టా లేదు, ఆవిరీ లేదు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఈ 46 కిలోమీటర్ల దారిలో మనం వెతికే వస్తువు కూనూరుతోనే ముగుస్తుంది. చేతిలో ఒక్క రోజే ఉంటే ఊటీ తోటలు మానేసి కూనూరు షెడ్డు గేటు దగ్గర నిలబడటం మేలని నా అభిప్రాయం. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

దారిలో బండి నీటికోసం ఆగుతుంది. హిల్‌గ్రోవ్‌లో జనం టీ కోసం, కోతులు జనం చేతుల్లోని బిస్కెట్ల కోసం దిగుతారు. ఆ పది నిమిషాల్లో నీళ్ల గొట్టం దగ్గర జరిగేది చూడాలి. ఆవిరి ఇంజను నీటిని తిరిగి వాడుకోలేదు కాబట్టి మాటిమాటికీ తాగాలి. ఏ నీరు దొరికితే ఆ నీరు తాగితే రోగం ఖాయం. హైదరాబాద్ బోరు నీళ్లు గీజరు కాయిల్ మీద పట్టించే తెల్లటి పెచ్చే బాయిలర్ గొట్టాల మీదా పడుతుంది. వేడిని దాటనివ్వడంలో ఒక్క మిల్లీమీటరు పెచ్చు సుమారుగా పాతిక మిల్లీమీటర్ల ఉక్కు అడ్డంతో సమానం. వేడి నీటికి చేరక లోహంలోనే ఆగిపోతుంది, లోహం కాలిపోతుంది. అందుకే ప్రతి లోకో షెడ్డులోనూ కొద్ది రోజులకొకసారి బాయిలర్ చల్లార్చి, ప్లగ్గులు విప్పి, నీటిధారతో మడ్డి కడిగే వాష్-అవుట్ తప్పనిసరి. చల్లార్చడం, మళ్లీ రాజేయడం కూడా తొందరపడి చేసే పని కాదు. ఐదు మీటర్ల ఉక్కు బాయిలర్ 200 డిగ్రీలకు చేరేసరికి ఒక సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. అందుకని దాన్ని ఫ్రేముకు ముందు కొసనే బిగించి, వెనక కొసను జరగనిస్తారు. అన్నివైపులా ఒకేలా వేడెక్కకపోతే కీళ్లు కారతాయి. పొద్దున ఏడింటి బండికి రాత్రే నిప్పు పెట్టాల్సింది ఇందుకే.

పాత ఇంజనును గట్టు మీద నిలబెట్టడం తేలిక కావడానికీ, నడిపించడం కష్టం కావడానికీ కారణం ఇదే. రంగు ఎవరైనా వేస్తారు. వాష్-అవుట్ చేసే మనిషి, క్లింకర్ లాగే మనిషి, ఇంజెక్టర్ చప్పుడు విని రోగం చెప్పే మనిషి కావాలి. వాళ్లు పుస్తకం చదివి తయారుకారు, ఇంకొకరి పక్కన నిలబడి తయారవుతారు. బ్రాడ్‌గేజి ఆవిరి ఆగిన 1995లో ఇరవై ఏళ్ల ఫైర్‌మన్‌గా ఉన్నవాడికి ఇప్పుడు యాభై దాటాయి. డ్రైవర్లలో చాలామంది పింఛనుకు వెళ్లిపోయారు. గోల్డెన్ రాక్ కొత్త ఇంజన్లు కట్టగలిగిందంటే అక్కడ ఆ చేతిపని తెగిపోకుండా నిలిచినందుకే.

లాలాగూడలో వర్క్‌షాపు ఉంది, చిలకలగూడ, మెట్టుగూడ క్వార్టర్ల నిండా పాత రైల్వే కుటుంబాలు ఉన్నాయి, 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వే ముఖ్య కార్యాలయం కూతవేటు దూరంలోనే ఉంది. గట్టు మీద ఉన్న ఇంజన్లలో ఒక్కదానికి బాయిలర్ బాగుచేసి, ఏటా అక్టోబరులో ఒక్కరోజు సికింద్రాబాద్ నుంచి మౌలాలి దాకా నడిపితే ఖర్చు ఎంతవుతుందో రైల్వేవాళ్లే లెక్కగట్టాలి. ఆ పని నేర్పగలిగినవాళ్లు ఇంకా మన వీధుల్లో పొద్దున్నే పాలప్యాకెట్లకు వస్తున్నారు. వాళ్లు ఉండగానే ఆ లెక్క కట్టాలని విన్నపం.